తేటపడని పీపా

ఫోన్ మోగేసరికి నేను నెడ్ చొక్కా తొడుక్కుని రొట్టె ముక్కలు కాలుస్తున్నాను. మాకు పెళ్లయి నెల కూడా కాలేదు. అతని చొక్కా మోకాళ్ల దాకా వేలాడటం, వంటింట్లో కాలిన రొట్టె వాసన, ఒకే కిటికీలోంచి ఇద్దరం సెవర్న్ నది చూడటం, అన్నీ నాకు పండగలాగే ఉన్నాయి.

ఫోన్లో మావిస్. రేవు పక్కన ఫెర్రీ అనే పబ్బు ఆమెదే. టాలిస్ మైల్డ్ మళ్లీ వస్తోందని చెప్పింది. పై ఊళ్లో ఎవరో కుర్రాళ్లు, మూతపడిన టాలిస్ బ్రూవరీలో పనిచేసిన ముసలివాళ్లను వెతికి పట్టుకుని, వాళ్లు చెప్పిన పాళ్లలోనే ఆ నల్ల బీరు తయారుచేశారట. అందులో ఒక పీపా మావిస్‌కు శుక్రవారం వస్తుంది.

"మీ మామకు నువ్వే చెప్పమ్మా," అంది. "నేను చెబితే ఆయన ఏడుస్తాడు, నేనూ ఏడుస్తాను. ఇక్కడ గ్లాసులు ఎవరు కడుగుతారు?"

మా మామగారు క్లెమ్ ఆ బీరుతోనే పెరిగారు. మా అత్తగారు డాట్ ఫెర్రీలో బీరు పోసేది. ఆమె చేతి మైల్డ్ కోసం ఆయన రోజూ నది దాటి వచ్చేవారట. పెద్ద కంపెనీ ఒకటి టాలిస్‌ను కొని మూసేసింది. కొన్నేళ్లకు డాట్ కూడా పోయింది. ఆమె మగ్గు మాత్రం ఫెర్రీలో దూలానికి ఇప్పటికీ వేలాడుతోంది. ఇప్పుడు క్లెమ్‌కు నాలుక మొదట్లో క్యాన్సర్ పుండు. సోమవారం ఆసుపత్రిలో చేరాలి. ఆపరేషన్ తర్వాత గొట్టంతోనే తిండి, రుచి మీద ఆశ పెట్టుకోవద్దని డాక్టరు దాచకుండా చెప్పింది. ఆ లోపల ఒక్కసారి టాలిస్ మైల్డ్ తాగాలన్నది ఆయన కోరిక. తీరదని తెలిసే కోరుకున్నారు.

నేను చెప్పినప్పుడు ఆయన బూటు తాడు కట్టుకుంటున్నారు. తల ఎత్తకుండానే, శుక్రవారం దిగితే ఆదివారం మధ్యాహ్నానికి తేటపడుతుంది అన్నారు. తర్వాత చాలాసేపు ఆ తాడే కడుతూ ఉండిపోయారు.

పీపా వచ్చింది. ఆ బీరు పీపాలోనే ఇంకా పులుస్తూ ఉంటుంది. మడ్డి అడుక్కి దిగేదాకా దాన్ని కదపకూడదు. క్లెమ్ నేలమాళిగలోకి దిగి, నిద్రపోతున్న పిల్ల మీద వేసినట్టు దాని మీద చెయ్యి వేశారు. నాకు తుమ్మొస్తే పైకెళ్లి తుమ్ము అన్నారు. నవ్వాపుకోలేక నేను నిజంగానే పైకి పరిగెత్తాను.

శనివారమంతా పైన వేల్స్ కొండల్లో వాన. ఆదివారం తెల్లవారేసరికి నది ఫెర్రీ మెట్ల మీదికి వచ్చింది. ఏరు పొంగితే ఇక్కడ ఎవరూ ఎవరినీ పిలవరు. ఆ పబ్బులో తాగేవాళ్లంతా తాళ్లు తెచ్చుకుని వస్తారు. పీపాకు నలుగురు చొప్పున పట్టి, ఒరగకుండా, పెళ్లికూతురి పల్లకీ మోసినట్టు పైకి మోస్తారు.

ఆ రోజు అందరికంటే ముందు చేరింది నెడ్. డబ్బా బీరు తాగి పెరిగినవాడు, పీపా మర్యాద తెలియదు. నీళ్లు మైల్డ్ పీపా అంచు తాకుతుంటే చూసి ఆగలేకపోయాడు. మెట్ల మీద చెక్క పలక వేసి, భుజంతో నెడుతూ, ఒక్కడే దాన్ని పైకి దొర్లించాడు. మేము వచ్చేసరికి సగం దూరం ఎక్కింది. దొర్లించొద్దురా అని క్లెమ్ గుమ్మంలోంచి అరిచారు గానీ, ఆయన గొంతులో ఇప్పుడు బలం లేదు. కింద నీళ్ల హోరు.

నడుము దాకా తడిసి, నవ్వుతూ పైకొచ్చాడు నెడ్. "దక్కించాను నాన్నా."

తాళ్లు పట్టుకుని వచ్చినవాళ్లు తలలు వంచుకున్నారు. తన నవ్వు ఆగిపోయాక గానీ, అడుగున దిగిన మడ్డంతా మళ్లీ కలిసిపోయిందని అతనికి అర్థం కాలేదు.

మావిస్ పీపాను బల్ల మీద కుదురుగా పెట్టించి మధ్యాహ్నం దాకా ఆగింది. అంతకంటే ఆగలేక ఒక గ్లాసు పోసి క్లెమ్‌కు ఇచ్చింది. ఫెర్రీలో ఏ బీరైనా ముందు నది వైపు కిటికీకి ఎత్తి చూడాలి. మైల్డ్ నల్లగా ఉన్నా, తేటగా ఉంటే వెలుతురుకి దానిమ్మ గింజలా ఎర్రగా మెరవాలి. మెరవకపోతే బల్ల మీద పెట్టకూడదు. అది డాట్ పెట్టిన నియమం.

క్లెమ్ ఎత్తి చూశారు. వాన కాలవలా ఉంది. దించి, మెల్లగా మావిస్ వైపు జరిపారు.

"ఒక్క గుక్క తాగు క్లెమ్," అంది మావిస్. "డాట్ ఏమీ అనదులే."

"అనదు. కానీ ఇది తాగితే నా నోట్లో చివరికి ఇదే మిగులుతుంది. డాట్ పోసినదాని రుచి ఇంకా గుర్తుంది నాకు. దాన్నెందుకు పోగొట్టుకోవాలి?"

నెడ్ గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. భుజాలు కదులుతున్నాయి.

"ఏడవకురా," అన్నారు క్లెమ్. "నీకు పుట్టుకతోనే తొందర. ఎనిమిదో నెలలోనే వచ్చేశావు. మీ అమ్మ ఉన్ని టోపీ కూడా అల్లలేకపోయింది."

ఇక కదపకపోతే రేపు సాయంత్రానికి తేటపడుతుందని మావిస్ అంది. ఆసుపత్రికి సీసాలో పట్టుకొస్తానన్నాను. రేపు పొద్దున చేరినప్పటి నుంచి నోట్లో ఏమీ పడనివ్వరని నెడ్ గోడ వైపే చూస్తూ చెప్పాడు.

క్లెమ్ కర్ర ఎత్తి దూలానికి ఉన్న మగ్గు చూపించారు.

"హెట్టీ తల్లీ, రేపు వాడు నన్ను దింపుతాడు. నువ్విక్కడే ఉండు. సాయంత్రం ఆ మగ్గులో పోయించుకుని, కిటికీ దగ్గర కూర్చుని నాకు ఫోన్ చెయ్యి. బాగుందని చెప్పకు. ఎలా ఉందో చెప్పు."

"బీరు గురించి నాకేం తెలుసు మామయ్యా?"

"కాలిన రొట్టె వాసనకే మురిసిపోతావు కదా. ఆ నోరు చాలు."

తల ఊపాను.

మావిస్ తడిగుడ్డ తెచ్చి పీపా మీద కప్పింది. రేపు సాయంత్రం దాకా ఈ బల్ల దగ్గరికి ఎవరూ రాకూడదనీ, మొదటి మగ్గు హెట్టీదేననీ తాళ్లతో నిలబడ్డవాళ్లందరికీ చెప్పింది.