రెండో అచ్చు

చంపింది మీరే. చేతికి తడి అంటకుండా, ఒక్క మాటతో చంపారు. ఇరవై ఆరేళ్ళు ఒక మనిషి కాపాడిన ప్రాణాన్ని అక్కర్లేదని కొట్టేసిన పరిశోధనశాల పెద్దాయనా, ఆయన పక్కన నిలబడి తలాడించిన పెద్దమనుషులారా, ఆ రోజు ఏం జరిగిందో వినండి. మీ ముఖాలు చూడాలని లేదు. అయినా చెప్పక తప్పదు.

ఉదయం ఎనిమిదిన్నరకు వంటాయన మేతను గడ్డకట్టించే అగర్ జిగురు కరిగిస్తున్నాడు. ఆయన వండేది మనుషులకు కాదు, ఈస్టుకు. రొట్టెపిండిని పొంగించే ఆ ఈస్టుకే. పరిశోధనశాల వెనక, కిటికీ లేని గదిలో, ఆవిరితో ఉడికించి క్రిముల్ని చంపే ఆటోక్లేవ్ పక్కన ఆయన ఉద్యోగం. దాని మూత తీస్తే ఉడికిన పులుపు, విడిచిన సాక్సుల కంపు కలిసి ముఖాన కొడతాయి. ఆ ఆవిరికి ఆయన ముంజేతుల మీద వెంట్రుకలు మొలవడం ఏనాడో మానేశాయి. కుడి బొటనవేలి గోరు నిలువునా చీలి ఉంటుంది. ఆ చేతులతోనే వేడి అగర్‌ను గుండ్రటి ప్లేట్లలో పోస్తాడు, ఒక్క బుడగ లేకుండా.

"నాకు జ్వరమొస్తే గ్లాసుడు నీళ్ళు కాచివ్వడు గానీ, అక్కడ బూజుకి మాత్రం మూడు పూటలా వండి వారుస్తాడు మహానుభావుడు" అంటుంది ఆయన భార్య.

ఆ బూజులో ఒకటి మ్యుటెంట్. డీఎన్ఏ రాసుకోవడానికి నాలుగు అక్షరాలు కావాలి. మామూలు ఈస్టు నాలుగింటి సరుకూ తనే చేసుకుంటుంది. దీనికి ఒక జన్యువు చెడింది, ఒక అక్షరానికి సరుకు చేసుకోలేదు. థైమిడిలేట్ అనే తెల్లపొడి మేతలో కలిపితేనే బతుకుతుంది. వేరే మ్యుటెంట్లు చాలావరకు తిండి లేకపోతే ముడుచుకుని కొన్నాళ్ళు ఆగుతాయి. ఇది ఆగదు. ఒళ్ళు పెరుగుతూనే ఉంటుంది, డీఎన్ఏ మాత్రం రాయలేదు. ఉబ్బి చస్తుంది. వంటాయన దాన్ని గారాలది అంటాడు. దాన్నుంచి పుట్టిన మూడువందల రకాలు అలమరలో ఉన్నాయి. డీఎన్ఏ సరుకు తయారీ ఏ మెట్టు దగ్గర ఆగుతుందో చెప్పేవి అవే. గడ్డకట్టించి దాచే పెట్టె చెడి ఏడాది దాటింది. బాగుచేయించమని ఆయన రాసిన అర్జీల మీద కూర్చున్నదీ మీరే. అందుకే వాటికి ప్లేట్ల మీది బతుకు తప్ప వేరే దిక్కు లేదు.

పదకొండింటికి పెద్దాయన తలాడించే మందతో వచ్చాడు. చేతిలో ప్లేటు. పొడి కలపని ఉత్త మేత మీద గారాలది పలచటి చుక్కలుగా మొలిచింది. పరిశోధన చేసే అమ్మాయి తీసిన అచ్చు అది. పాత ప్లేటును మఖమల్ గుడ్డ మీద అద్ది, అదే గుడ్డ మీద కొత్త ప్లేటు అద్దితే చుక్కలన్నీ ఉన్నచోటే అచ్చు పడతాయి.

"చూశావా? నీ పొడి లేకుండానే పెరిగింది. ఇన్నేళ్ళూ ఊరికే మేపావన్నమాట. ఇక అన్నిటికీ ఒకటే మేత. పొడి కలిపిన ప్లేట్లన్నీ ఇవాళే ఉడకేసి పారెయ్."

వంటాయన ప్లేటును వెలుతురుకు ఎత్తి చూశాడు.

"ఇది మొదటి అచ్చండీ. గుడ్డకి పాత తిండి అంటుకొచ్చింది. అది తిని లేచింది. దీన్నుంచి ఇంకో అచ్చు ఉత్త మేత మీద తియ్యండి. ఏమీ రాదు."

"నువ్వెప్పుడు పీహెచ్‌డీ చేశావోయ్?"

మంద నవ్వింది.

"చెయ్యలేదండీ. గుడ్డలు ఉతికాను."

వంటాయన ఉతికి, ఆవిరి పట్టి, ఆరబెట్టి పేర్చిన మఖమల్ గుడ్డల్లోంచి పెద్దాయన ఒకటి లాగాడు. కళ్ళజోడు తుడుచుకున్నాడు. దాంతోనే ముక్కు చీదాడు. బల్ల మీద పడేసి వెళ్ళిపోయాడు.

"బాబాయ్, నువ్వన్నదే నిజం" అని సింకు దగ్గర అమ్మాయి గొణిగింది.

"నాకెందుకమ్మా చెప్తావ్, ఆయనకి చెప్పు."

"నా థీసిస్ మీద సంతకం ఆయనే పెట్టాలి బాబాయ్."

వంటాయన ఆ మూడువందల రకాలున్న ప్లేట్లనూ తన చేతులతోనే ఆటోక్లేవ్‌లో పేర్చి మీట నొక్కాడు. గంట తర్వాత మూత తీస్తే లోపల గోధుమరంగు జిగురు, చీము లాంటిది. గరిటెతో గీకి సంచుల్లోకి ఎత్తాడు.

మూడింటికి ఆయన్ని పిలిచారు.

"పోయిన నెల దగ్గని నాలుగు రోజులు రాలేదుగా, పనేమైనా ఆగిందా? ఆగలేదు. రేపట్నుంచి నువ్వూ అక్కర్లేదు" అన్నాడు పెద్దాయన.

ఆ నాలుగు రోజులూ వాళ్ళు వాడుకున్నది, సెలవుకు ముందు ఆయన దగ్గుతూ పోసిపెట్టి వెళ్ళిన ప్లేట్లే. ఆ సంగతి ఆయన చెప్పలేదు. పొద్దున ఒకసారి మందను నవ్వించాడు, చాలు.

ఐదింటికి ఆప్రాన్ విప్పి కొక్కేనికి తగిలించాడు. గేటు దగ్గర కాపలావాడు అడిగాడు, "ఏంటి బావా, ఇవాళ పెందలాడే?"

"వంటయిపోయింది బావా."

అంతే. ఇరవై ఆరేళ్ళు అలా బయటికి నడిచిపోయాయి.

మూడో రోజు అమ్మాయి, ఎవరూ చూడకుండా, రెండో అచ్చు తీసింది. రెండు రోజులు ఆగి చూసింది. ప్లేటు కడిగిన అద్దంలా ఉంది, ఒక్క చుక్క లేదు. పెద్దాయనకు చూపిస్తే, "మేత సరిగ్గా కుదిరినట్టు లేదు, వంటవాడు ఏడీ?" అన్నాడు. థూ!

ఇప్పుడు చెయ్యాల్సింది చెబుతాను, వినండి. వంటాయన గదిలో, బల్ల కింది అరలో, ఖాళీ సీసాల వెనక ఒక ప్లేటు ఉంది. ప్లేట్లన్నీ ఉడకేసే ముందే డబ్బా అడుగున మిగిలిన పొడి గీకి, చివరి మేత పోసి, గారాలదాన్ని దాని మీద వేసిపెట్టాడు. అమ్మాయి చూసింది. ముట్టుకునే ధైర్యం లేక తలుపు మూసేసింది. ఆ తిండి ఆదివారం దాకా వస్తుంది, ఆపైన రాదు. పొడి తెప్పించండి. ఆ మనిషి గుమ్మం ముందు నిలబడి, తప్పయిందని నోటితో చెప్పి, రమ్మని అడగండి. కమిటీలు వద్దు, ఇవాళే వెళ్ళండి. ప్లేటు అక్కడే ఉంది, బోర్లించి, మూత లోపల సన్నగా చెమ్మ పట్టి.