నవ్వు అట్ట మీద నా కూతురు

"బట్టల క్లిప్పులన్నీ బడికి మోసుకుపోతే నా చీర గాలికి పోదూ?" అంది అత్తగారు పొద్దున్నే. పోయింది కూడా. పక్కింటి గోడ మీద వాలితే నేనే వెళ్లి తెచ్చి, మళ్లీ ఉతికి ఆరేశాను. ఈ ఇంట్లో చీర గాలికి పోయినా, నా పరువు గాలికి పోయినా, వెతికి తెచ్చుకోవలసింది నేనేగా.

ఆ క్లిప్పులు మా రెండో తరగతి పిల్లల కోసం. పిల్లల మనసులు కూడా వికసించాలని మా బడికి ఈ ఏడు కొత్తగా పట్టుదల పుట్టింది. దానికోసం పెట్టిన పీరియడ్ ఎవరు తీసుకుంటారని మీటింగులో అడిగితే మగ టీచర్లంతా కూడబలుక్కున్నట్టు నావైపు చూశారు. ఆడవాళ్లకి ఓపిక సహజం కదా మేడమ్ అన్నారు హెడ్మాస్టర్. ఓపిక అంటే ఓ పిక్క నొప్పి కాదు, రెండు పిక్కలూ లాగేస్తున్నా నిలబడి ఉండటం. నాకున్న ఒకే ఒక్క తీరిక పీరియడూ అలా తీరిపోయింది.

గోడకి నాలుగు అట్ట ముఖాలు పెట్టాను. నవ్వు, ఏడుపు, కోపం, భయం. పిల్లలు తరగతిలోకి వస్తూనే తమ పేరున్న క్లిప్పుని, ఆ పూట మనసెలా ఉంటే ఆ ముఖానికి తగిలించాలి. భయానికి తగిలించిన వాళ్లని పక్కన కూర్చోబెట్టుకుని మెల్లగా అడుగుతాను. ఆ ముఖాలు నేను వంటింట్లో, ఒక కన్ను పాల మీద వేసి కత్తిరించినవే. కోపం బొమ్మకి అంత అవస్థ దేనికి, అద్దంలో చూసుకుని గీసెయ్ అన్నాడు మా ఆయన, స్నేహితుల ముందు. వాళ్లు నవ్వారు. నేనూ నవ్వాను. ఆ నవ్వుతోనే టీలు అందించాను.

నా కూతురూ నా తరగతిలోనే చదువుతుంది. దాని క్లిప్పు ఎప్పుడూ నవ్వు మీదే. హెడ్మాస్టర్‌గారు మురిసిపోయారు. రేపు పెద్దవాళ్లెవరో బడి చూడటానికి వస్తున్నారట, మీ అమ్మాయినే నిలబెట్టి మాట్లాడించండి, తల్లి పెంపకం తెలుస్తుంది అన్నారు. పొంగిపోయాను. మార్కులొస్తే తండ్రి పోలిక, మొట్టికాయలొస్తే నా పోలిక అనే ఇంటినుంచి వచ్చినదాన్ని మరి.

సాయంత్రం గదిలో దాని జడ విప్పుదామని వెనక్కి తిప్పితే, కాలర్ కింద పళ్ల గాట్లు. కొన్ని ఎర్రగా, కొన్ని కమిలి పసుపు తిరిగినవి. పక్కన కూర్చునే పిల్లట. రంగు పెన్సిల్ ఇవ్వనప్పుడల్లా కొరుకుతుందట. నా తరగతిలో, నా కళ్లెదుటే. భయపడుతున్న వాళ్లందర్నీ అడిగాను గానీ, నవ్వుతున్నదాన్ని ఒక్కనాడూ అడగలేదు.

"నాకెందుకు చెప్పలేదే?"

"నువ్వు చెబుతావా ఏంటి?"

"నేనేం చెప్పాలి?"

"నాన్న కంచం విసిరేస్తే నీ చెయ్యి వాచింది కదా. అమ్మమ్మతో ఫోన్లో తలుపు సందులో పడిందని నవ్వావు. నేనూ నవ్వుతూ ఉంటే అది కొరకడం మానేస్తుందనుకున్నా."

స్టాఫ్ రూములో నేను నోరు విప్పితే పక్క గదికి వినబడుతుంది. మాటకి మాట అతికించి అందర్నీ నవ్విస్తానని పేరు. అలాంటి నేను లేచి మందు సీసా వెతకడం మొదలుపెట్టాను. బడిలో నేను నోటితో చెప్పిన పాఠాన్ని గోడకి వదిలేసి, ఇంట్లో ముఖంతో చెప్పిన పాఠాన్ని నా కూతురు కంఠతా పట్టింది. అందులో దానికి నూటికి నూరు.

మందు రాస్తే మండినట్టుంది, దాని పెదవి వణికింది. అలవాటుకొద్దీ నా చెయ్యి దాని నోటి మీదికి వెళ్లబోయింది. హాల్లో ఆయన వార్తలు చూస్తున్నాడు, అత్తగారు పక్కనే ఉంది. ఇంట్లో ఏడుపు వినబడితే ఆయనకి చిరాకు. ఆ చెయ్యి సగంలో ఆగింది. లేచి వెళ్లి గది తలుపు బార్లా తీశాను. వచ్చి దాన్ని ఒళ్లోకి లాక్కున్నాను.

"రేపు నిన్ను ఎవరి ముందూ నిలబెట్టను. ఆ పిల్లతో నేనే మాట్లాడతాను. ఇప్పుడు ఏడుపొస్తే ఏడువు తల్లీ."

అది భయంగా హాలు వైపు చూసింది. "నాన్నకి వినబడుతుందమ్మా."

"వినబడనీ. నీ తర్వాత నా వంతు."