ఇంట్లో పలకని పేరు

సందెవేళకు మొదలయ్యే ఏడుపు ఆ రోజు కాస్త ముందుగానే మొదలైంది. సాంబయ్య మాస్టారు మనవరాలిని భుజాన వేసుకుని వరండాలో ఆ చివరి నుంచి ఈ చివరికి నడుస్తున్నారు. డెబ్బై దాటిన మోకాళ్ళు ప్రతి మలుపు దగ్గరా తమ అభ్యంతరాన్ని తెలియజేస్తున్నాయి. మూడో నెల నడుస్తున్న ఆ పిల్లకు ఇంకా పేరు లేదు. ఇరవయ్యొకటో రోజున బారసాల చేద్దామనుకునేసరికి పిల్లను ఆస్పత్రిలో ఉంచవలసి వచ్చింది. ఆ తరవాత కోడలు సుస్మిత పుట్టింటివాళ్ళు నందిగామలో చేస్తామంటే, ఆయన భార్య దుర్గాంబ జగ్గయ్యపేటలో మన ఇంట్లోనే జరగాలంది. చివరికి వచ్చే ఆదివారమని తేలింది. అందాకా ఇంటిల్లిపాదికీ అది ‘పాప’.

"ఎవరి కన్ను పడిందో ఏమో, ఇటివ్వండి, దిష్టి తీస్తా," అంది దుర్గాంబ వంటింట్లోంచి.

"దిష్టి కాదు, గాలి. పాలతోపాటు గాలి మింగుతోంది. పేగులు ఇంకా కుదురుకోలేదు. నాలుగో నెల దాటితే అదే తగ్గుద్ది."

"మీరు చెప్పింది ఊళ్ళో ఎవరూ వినలేదు. కడుపులో గాలి వింటుందా?"

ఆయన ఇంకో మలుపు తిరిగారు. వాదించే ఓపిక ఉద్యోగంతోపాటే సగం పోయింది. నందిగామలో సైన్సు పాఠాలు చెప్పిన కాలంలో నాలుక మీద కర్పూరం వెలిగించి చూపించారు. పసుపునీళ్ళలో సున్నం కలిపి రక్తం పుట్టించారు. పిల్లలు చప్పట్లు కొట్టారు. పరీక్షల రోజున ఆ పిల్లలే మోచేతికి తాయెత్తు కట్టుకుని వచ్చారు. ఆయన సొంత కొడుకు సతీష్‌బాబు పురుగుమందుల కొట్టు పెట్టినప్పుడు వాస్తు కోసం షట్టరు రెండడుగులు జరిపించాడు. ఇప్పుడు మనవరాలి నక్షత్రానికి ‘య’ అక్షరం వచ్చిందని ‘యశస్వి’ అనుకుంటున్నారు. మంచి పేరే. దానితో ఆయనకు పేచీ లేదు. ఆయనకు కావలసింది వేరే పేరు.

నిజానికి ఆ ఆశ పుట్టించింది సుస్మితే. హైదరాబాదు కంపెనీకి ఇంటి నుంచే పనిచేసే ఆ అమ్మాయి, వారం క్రితం భోజనాల దగ్గర యథాలాపంగా అంది.

"ఇప్పుడు పాత పేర్లే ట్రెండు మావయ్యా. మా టీమ్‌లో ఒకమ్మాయి కూతురికి జానకి అని పెట్టుకుంది. వినడానికి ఎంత హాయిగా ఉందో!"

"అయితే మన పాపకు రత్తమ్మ అని పెడదామా?" అన్నారాయన. తేలిగ్గానే అన్నాననుకున్నారు గాని, గొంతు అంత తేలిగ్గా పలకలేదు.

సతీష్‌బాబుకు పొలమారింది. "నాయనమ్మ పేరా? నాన్నా, పాతదంటే మరీ అంత పాతది కాదు. రేపు కాలేజీలో దాన్ని బతకనిస్తారా?"

దుర్గాంబ ఇంకోలా అంది. "అత్తగారి పేరు నలభై ఆరేళ్ళలో ఒక్కసారి పలకలేదు నేను. ఇప్పుడు ఆవిడ పేరు పెట్టుకున్న పిల్లను ‘ఒసే’ అని కలిపి పిలవమంటారా? నావల్ల కాదు బాబూ."

ఆ మాటతో అందరూ నవ్వారు. ఆయనా నవ్వారు. అక్కడికి ఆ సంగతి ముగిసింది.

పేర్ల గురించి ఆయనకొక అభిప్రాయం ఉంది. క్లాసులో ఏళ్ళ తరబడి హాజరు పిలిచిన మనిషికి అది లేకుండా ఎలా ఉంటుంది? తొలి రోజుల్లో ఆడపిల్లలంతా జంటపేర్లవాళ్ళు: సీతారావమ్మ, రామతులశమ్మ, వెంకటసుబ్బమ్మ. మొదటి సగం దేవుడికి, రెండో సగం నాయనమ్మకు. పిల్లకంటూ విడిగా ఏమీ మిగిలేది కాదు. అయినా ఆ పేర్లలో ఒక సుఖం ఉండేది. పిలుపులో చివర నోరు బార్లా తెరిచి పలికే దీర్ఘం ఉంటుంది గనక, చేలో నుంచి పిలిస్తే ఇంటికి వినపడేవి. పిలవడానికి చేసిన పేర్లు అవి. ఇప్పటివి చదువుకోవడానికి బాగుంటాయి.

అంత గట్టి పేరు ఉండీ, ఆయన అమ్మ రత్తమ్మను ఆ పేరుతో పిలిచినవాళ్ళు లేరు. నాన్న ‘ఏమే’ అనేవాడు. కోడళ్ళకు అత్తమ్మ, మనవలకు నాయనమ్మ, సొంతూరు వత్సవాయిలో అందరికీ సాంబయ్య వాళ్ళమ్మ. ఆ పేరు సాంబయ్య మొదటిసారి విన్నది ఎనిమిదేళ్ళప్పుడు, ఓట్ల రోజున. అమ్మ కొంగు పట్టుకుని బడిలోకి వెళితే, బల్ల వెనక కూర్చున్నాయన చీటీ చూసి, "గింజుపల్లి రత్తమ్మ!" అని గట్టిగా చదివాడు. ఎవరా అని సాంబయ్య వెనక్కి తిరిగి చూశాడు. చేతిలోని కొంగు అతన్ని ముందుకు లాగింది. "నేనేనయ్యా," అంటోంది అమ్మ, ఇంట్లో ఎన్నడూ వినని గొంతుతో.

ఆ తరవాత ఆమె ఏ ఎన్నికా వదలలేదు. పెట్టెలోంచి మంచి చీర తీసేది. ఎండైనా వానైనా వరసలో నిలబడేది. ఎవరికి వేశావమ్మా అంటే చెప్పేది కాదు. పోయినేడు మాఘంలో పోయింది. పోయినప్పుడు కూడా వచ్చినవాళ్ళు అమ్మా అనీ, అత్తా అనీ, అవ్వా అనీ ఏడ్చారు. పేరు పెట్టి ఏడ్చినవాళ్ళు లేరు. ఈ ఇంట్లో ఆ పేరు ఒక్కసారి గట్టిగా వినపడాలని, ఎవరో ఒకరు దానికి పలకాలని ఆయన కోరిక. ఇందులో శాస్త్రమేమీ లేదని ఆయనకు తెలుసు.

గురువారం మధ్యాహ్నం సుస్మిత తల్లి రాజ్యశ్రీ నందిగామ నుంచి బస్సు దిగి వచ్చింది. చెప్పులు విడుస్తూనే సంగతి విప్పింది.

"వదినా, గరికపాడు అవతల ఒక సిద్ధాంతిగారున్నారులే, ఆయన దగ్గరికెళ్ళా. పాప సందేళ ఏడుస్తోందని నోరు తెరిచానో లేదో, ఇంట్లో ఈమధ్య పెద్ద ముత్తయిదువెవరన్నా పోయారా అన్నారు."

"ముత్తయిదువ కాదుగా, మావయ్యగారు ఎప్పుడో పోయారు," అంది దుర్గాంబ.

"ఏదో ఒకటిలే, పెద్దావిడేగా! ఆవిడ పేరు అడుగుతోందంట. పెట్టిందాకా పిల్ల ఏడుపు ఆపదంట."

సతీష్‌బాబు ముందుగా తేరుకున్నాడు. "సరే, అదే పెట్టేద్దాం." రాత్రుళ్ళు నిద్రలేక కళ్ళకింద నల్లబడ్డ సుస్మిత, "రత్తమ్మే పెట్టండి. ఏదైనా పెట్టండి," అంది. దుర్గాంబ మాత్రం గోడ మీద అత్తగారి ఫొటో వైపు ఒకసారి చూసి లోపలికి వెళ్ళిపోయింది.

సాంబయ్యగారు చెయ్యవలసిందల్లా నోరు మూసుకోవడమే. ఎన్నేళ్ళ వాదనలతోనూ సాధించలేని గెలుపును, మొహమైనా చూడని ఒక సిద్ధాంతి తెచ్చి చేతిలో పెట్టాడు. ఆ సాయంత్రం ఆయన చాలాసేపు పేపరు ముందేసుకుని కూర్చున్నారు, పేజీ తిప్పలేదు. నెలా నెలన్నరలో ఏడుపు ఎలాగూ తగ్గుతుంది. తగ్గగానే సిద్ధాంతి మాట నిజమవుతుంది. అదీ సర్దుకోవచ్చు, అలాంటివి చాలా సర్దుకున్నారు. సర్దుకోలేనిది ఇంకొకటి. బతికినన్నాళ్ళూ ఎవరినీ ఏమీ అడగని మనిషి, కూర చాలకపోతే మజ్జిగన్నంతో సరిపెట్టుకుని లేచిన మనిషి, చచ్చిపోయాక పసిగుడ్డును ఏడిపించి పేరు అడిగిందని ఈ పిల్లకు జీవితాంతం చెబుతారు.

మర్నాడు పొద్దున సుస్మిత పాపకు నూనె రాస్తుంటే, ఆయన కుర్చీ దగ్గరికి జరుపుకున్నారు. గుమ్మం దగ్గర దుర్గాంబ గోంగూర ఒలుస్తోంది.

"ఒక మాట చెప్పాలమ్మా. పేరు పెట్టినా ఆదివారం సాయంత్రం పాప ఏడుస్తుంది. సోమవారమూ ఏడుస్తుంది. దానికీ దీనికీ సంబంధం లేదు."

సుస్మిత తలెత్తింది. "మీకు కావాల్సిన పేరే కదా మావయ్యా?"

"కావాలి. చాలా కావాలి. కానీ మా అమ్మ పిల్లల్ని ఏడిపించే మనిషి కాదు. ఆ మాట మీద ఆ పేరు పెట్టొద్దు."

"మరి ఏ మాట మీద పెట్టాలి?"

ఆయన ఓట్ల రోజు సంగతి చెప్పారు. చెబుతున్నకొద్దీ అది చిన్న సంగతిగా అనిపించింది. "ఆ పేరు పెట్టి పిలిచినవాళ్ళు ఇంట్లో ఎవరూ లేరమ్మా. బయటివాళ్ళే పిలిచారు, ఎన్నికలకోసారి. అంతే."

సుస్మిత పాప కాలును రెండు చేతుల మధ్య మెల్లగా నిమురుతూ ఉండిపోయింది.

"మీరు చెప్పింది బాగుంది మావయ్యా. కానీ నాకు నిద్ర కావాలి. పేరు పెడితే ఏడుపు ఆగుద్దంటే పెట్టుకుందును. ఆగదని మీరే అంటున్నారు. అలాంటప్పుడు యశస్వి చాలు. కోపం తెచ్చుకోకండి."

"కోపమెందుకమ్మా," అన్నారాయన. ఆ అమ్మాయి లెక్కలో తప్పేమీ కనిపించలేదు. ఇన్నేళ్ళూ ఆయన ఊరికి నేర్పాలనుకున్న లెక్క అదే.

మధ్యాహ్నం కొట్టు నుంచి వచ్చిన సతీష్‌బాబు విని తల పట్టుకున్నాడు. "మీరు కోరుకున్నదే కాళ్ళ దగ్గరికొచ్చింది. దాన్ని కూడా తన్నేశారా? ఒక్కసారన్నా గెలవచ్చుగా నాన్నా!"

దుర్గాంబ గోంగూర కాడలు చీపురుతో ఊడ్చి ఎత్తింది.

ఆదివారం వచ్చింది. ఉయ్యాలకు బంతిపూలు కట్టారు. పళ్ళెంలో బియ్యం పోసి సతీష్‌బాబు ఉంగరంతో ‘యశస్వి’ అని రాశాడు. రాజ్యశ్రీ మొహం గంటుపెట్టుకునే పళ్ళూ తాంబూలాలూ సర్దింది. సిద్ధాంతిగారికి ఏం చెప్పాలన్నది ఆమె బాధ. పిల్ల చెవిలో మూడుసార్లు పేరు పిలవవలసింది మేనత్త. మేనత్త లేని ఇల్లు గనక ఆ పని నాయనమ్మదైంది.

దుర్గాంబ పట్టుచీర కుచ్చెళ్ళు ఎత్తిపట్టుకుని ఉయ్యాల మీదికి వంగింది. "యశస్వీ," అంది. అందరూ అక్షింతలు వేశారు. "యశస్వీ," అంది మళ్ళీ. మూడోసారికి ఆగింది. మరచిపోయిందేమోనని రాజ్యశ్రీ అందించబోయింది.

"రత్తమ్మా!" అంది దుర్గాంబ.

చెవిలో చెప్పే గొంతు కాదది. చేలో నుంచి ఇంటికి వినపడే గొంతు. పాప ఉలిక్కిపడింది. దుర్గాంబ నిటారుగా నిలబడి, ఫొటో వైపు తిరిగి రెండు లెంపలూ వేసుకుంది. "తప్పయిపోయింది అత్తమ్మా, క్షమించు."

"మూడోసారి ఏమన్నావు వదినా?" అంది రాజ్యశ్రీ.

"యశస్వి రత్తమ్మ. మా కాలంలో అందరికీ రెండేగా! స్కూల్లో మీరు ఒకటే రాయించుకోండి, నాకేం. ఇంట్లో నేను ఇదే పిలుస్తా."

"అయితే ఏడుపు..." అని సుస్మిత సందేహంగా ఆగింది.

"ఆగదులేవే. మీ మావయ్య చెప్పారుగా."

సాంబయ్యగారు చేతిలో అలాగే ఉండిపోయిన అక్షింతల వైపు చూసుకున్నారు. ఫొటో వినదని మామూలుగా అయితే అనేవారు. మంత్రాలప్పుడు ఎన్నడూ వెయ్యని మనిషి, ఆ గింజలు ఎక్కడ పెట్టాలో తెలియక, చివరికి ఉయ్యాలలోనే వేశారు.

చుట్టాలు వెళ్ళిపోయారు. సందెవేళకు, చెప్పినట్టే, ఏడుపు మొదలైంది. సుస్మిత పడుకుంది. సాంబయ్యగారు మోకాళ్ళు పట్టుకుని లేవబోతుండగా, వంటింట్లోంచి దుర్గాంబ చేతులు తుడుచుకుంటూ వచ్చి పిల్లను ఎత్తుకుంది.

"ఊరుకో..." అని, మళ్ళీ నాలుక కరచుకుని, "ఊరుకోండి రత్తమ్మగారూ, ఊరుకోండి. వస్తున్నాగా," అంది.

పాప ఊరుకోలేదు. ఆయన మళ్ళీ కుర్చీలో వెనక్కి వాలి, ఆ ఏడుపునూ, దాని మధ్య మధ్య ఆ పేరునూ వింటూ కళ్ళు మూసుకున్నారు.