ఎవరి బిళ్ళ వాళ్ళే తిప్పాలి

పడవ కోజిన్ రేవు దాటినప్పటి నుంచి బోక్సిల్ రెండు చేతులూ తొడల కింద పెట్టుకునే కూర్చుంది.

"చలేస్తోందా అమ్మా?" అంది సముద్రపు ఈత క్లబ్బు పిల్ల నాంగ్జు, రబ్బరు సూటులోకి తల దూరుస్తూ. "నీళ్ళు ఆరు డిగ్రీలట. దూకేది మేము, వణికేది నువ్వు!"

"వాగింది చాల్లే, ఇంకో జత మేజోళ్ళు తొడుక్కో. కాలు కొంకర్లు పోతే ఎవరు లాగుతారే?"

"నీ చేపల పులుసు వాసన తగిలితే శవం కూడా ఈదుకుంటూ పైకొస్తుంది." అనేశాక నాంగ్జు నాలుక కరుచుకుంది.

పడవ గది గోడకి పలక ఉంది. దాని మేకులకి క్లబ్బు సభ్యుల పేర్లు రాసిన చెక్కబిళ్ళలు, ఒకవైపు ఎరుపు, ఒకవైపు తెలుపు. దిగేముందు ఎవరి బిళ్ళ వాళ్ళు ఎరుపు వైపుకి తిప్పాలి, పైకొచ్చాక మళ్ళీ వాళ్ళే తెలుపుకి తిప్పుకోవాలి. అన్నీ తెల్లబడితే గాని క్లబ్బు పెద్ద చంగ్‌మాన్ ఇంజను వేయడు.

పోయిన ఏడాది ఇక్కడే, బోక్సిల్ పులుసు కలుపుతూ కొడుకు హంగ్యోల్ బిళ్ళనే చూస్తూ ఉంది. ఆ ఎరుపు చూస్తే ఆమెకు గుండెదడ. ఇంతలో అలల మీద కొడుకుది లాంటి పసుపుపచ్చ టోపీ తేలింది. అమ్మయ్య, వచ్చేశాడు! వాడు నిచ్చెన ఎక్కేదాకా కూడా ఆగలేక బిళ్ళ తిప్పేసి, పొడి తువ్వాలు తేవడానికి కింది గదిలోకి పరుగెత్తింది. తిరిగొచ్చేసరికి పడవ రేవు దారి పట్టింది. పసుపుపచ్చ టోపీ తీసి తల దులుపుకుంటున్నది వేరే కుర్రాడు. వెనక్కి వెళ్ళడానికి ఇరవై నిమిషాలు పట్టింది. హంగ్యోల్ మూడోనాడు దొరికాడు.

"బిళ్ళలు నేనే సరిగ్గా చూడలేదు" అన్నాడు చంగ్‌మాన్ పోలీసుల దగ్గర. లైసెన్సు ఆర్నెల్లు పోయింది. రేవులో అతనితో మాట్లాడేవాళ్ళు లేకపోయారు. బోక్సిల్ నోరు విప్పలేదు. ఇవాళ చెప్పేయాలనే పడవెక్కింది.

అందరూ దిగారు. పలక ఎర్రబడింది.

"నాయనా, ఆరోజు వాడి బిళ్ళ తిప్పింది..."

"తెలుసమ్మా."

చంగ్‌మాన్ కోటు జేబులోంచి హంగ్యోల్ బిళ్ళ తీశాడు. తెలుపు మీద ఎర్రటి వేలిముద్ర. మిరపముద్ద మరక.

"పడవలో కారం కలిపింది నువ్వొక్కదానివే కదా."

"మరి ఎందుకు చెప్పలేదయ్యా? నలుగురి చేతా అన్ని మాటలు పడ్డావే!"

"కొడుకు పోయిన మనిషి మీద ఇంకేం వెయ్యమంటావు? పైగా తలలు లెక్కపెట్టాల్సింది నేను. బిళ్ళలు చూసి ఊరుకున్నాను."

ఆ తర్వాత బిళ్ళని పాత మేకుకే తగిలించాడు, ఎరుపు బయటికి. "వాడూ వీళ్ళతో దిగాడనుకుందాం ఇవాళ."

ఒక్కొక్కరే పైకొచ్చారు. పెదాలు నీలంగా, పళ్ళు టకటకలాడుతూ ఎవరి బిళ్ళ వాళ్ళు తిప్పుకున్నారు. చివరికి ఒక్కటే ఎర్రగా మిగిలింది. చంగ్‌మాన్ ఇంజను వేయలేదు. పులుసు గిన్నెలు చేతుల్లోనే చల్లారిపోతున్నాయి.

బోక్సిల్ లేచి పలక దగ్గరికి వెళ్ళింది. చెయ్యి ఎత్తి, ఆగిపోయింది.

"ఒక్క నిమిషం ఉండు బాబూ. ఆ అల వెనక ఏదో పసుపుపచ్చగా..."

చంగ్‌మాన్ తాళంచెవి మీది చెయ్యి తీసేసి అటు చూశాడు. నాంగ్జు కూడా చూసింది. అందరూ చూశారు, చాలాసేపు.

బోక్సిల్ రెండు చేతులూ పైబట్టకి గట్టిగా తుడుచుకుంది. మళ్ళీ తుడుచుకుంది. అప్పుడు తిప్పింది. తెలుపు మీద వేలిముద్ర అలాగే ఉంది.