మామగారి పెట్టెలో టంకం

నాలుగో కత్తికి పిడి దగ్గర ఇత్తడి పట్టీ అతుకుతున్నాడు. బ్లేడు పదును దిగిపోకుండా చుట్టూ తడిగుడ్డ చుట్టాడు. ఆ తడి వేడినంతా లాగేసుకుంటోంది. అందుకే గ్యాస్ టార్చి మంట పెంచి, ఇంకాసేపు పట్టాడు. అతుకు పట్టడానికి పూసిన తెల్లటి ఫ్లక్స్ పొంగి, గాజులా పలచబడ్డాక టంకం కడ్డీ కొస ఆనించాడు. కరిగి సందులోకి జారింది. గోధుమరంగు పొగ లేచింది. మంట కదలకూడదని తలుపూ కిటికీలూ మూసే ఉన్నాయి.

ఇరవై ఆరేళ్ళుగా ఇదే షెడ్డు. అరచేతులు బండబారాయి. మంటకు కాలి కనుబొమలు ఎప్పుడూ సగమే ఉంటాయి. తగరం టంకంతో అతికిన పట్టీలు ఊడుతున్నాయని మాంసం కొట్టు యజమాని పది కత్తులు తిప్పి పంపాడు. దాంతో, పోయిన మామగారి పెట్టెలోంచి ఈ పాత కడ్డీలు తీశాడు.

తలుపు తోసుకుని బావమరిది వచ్చాడు. "నాన్న అతుకు ఏనుగు లాగినా ఊడేది కాదు బావా. నీ అతుకు మా అక్క కోపం లాంటిది. పొద్దునుంటే సాయంత్రానికి ఉండదు."

"మీ అక్క కోపం సాయంత్రానికి పోతుందా? ఎవరింట్లోరా?"

కడ్డీలు రెండే మిగిలాయి. మిగతా కత్తులు బావమరిదికి అప్పగించి, అలాంటివే కొనడానికి వాడిన ముక్క ఒకటి జేబులో వేసుకుని లోహాల కొట్టుకు నడిచాడు. గొంతు ఎండిపోతోంది. నోట్లో ఇనుము నాకినట్టుంది.

కొట్టు ఆవిడ కడ్డీ మీది అక్షరాలు చదివి, దాన్ని బల్లమీద వదిలేసింది. "ఇదెక్కడిదండీ? ఇందులో కాడ్మియం ఉంది, విషం. అమ్మడం మానేసి ఏళ్ళయింది."

"పొగ పీలిస్తే?"

"అప్పుడేం తెలీదు. సాయంత్రానికి జ్వరంలా మొదలవుతుంది. తర్వాత ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది. మూసిన గదిలో గానీ చేశారా?"

అతను బావమరిదికి ఫోన్ చేశాడు. మోగింది. మోగుతూనే ఉంది. టార్చి హోరులో వాడికి వినపడదు.

పరుగెత్తాడు. సగం దారిలోనే ఊపిరి గాజుపెంకుల్లా గుచ్చుకుంది. ఆగలేదు.

షెడ్డు తలుపు మూసి ఉంది. లోపల మంట హోరు. కాలితో తన్నాడు. వంగి ఉన్న బావమరిదిని కాలరు పట్టుకుని వీధిలోకి ఈడ్చాడు.

"పిచ్చి పట్టిందా బావా!"

"కడ్డీ పెట్టావా? పెట్టావా లేదా?"

"ఇంకా ఫ్లక్సే పొంగలేదు. ఏమైంది?"

చెప్పాడు. చెప్పి, నేలమీద కూలబడి నవ్వాడు. నవ్వు దగ్గులోకి తిరిగింది.

బావమరిది మొహం పాలిపోయింది. "మరి నువ్వు పొద్దున్నుంచీ నాలుగు..."

"మీ అక్కకి చెప్పకు."

చెప్పక్కర్లేకపోయింది. సాయంత్రానికి పళ్ళు టకటకలాడుతుంటే, ఆవిడే ఆసుపత్రికి తీసుకెళ్ళింది. ఆక్సిజన్ గొట్టం పెట్టారు. అతను దాన్ని పక్కకు తోసి, డాక్టరు రాసిన మందుల చీటీ అడిగి, వెనక్కి తిప్పాడు. ఒక్కో మాట రాసి ఆగేవాడు. ఆగినప్పుడల్లా ఆవిడ గొట్టాన్ని మళ్ళీ మొహానికి పెట్టేది.

మూడో రోజు మధ్యాహ్నం, బావమరిది కిందికి వెళ్ళి మంచినీళ్ళు తెచ్చేలోపు అతను పోయాడు.

చీటీ మంచం పక్క బల్లమీద ఉంది. ముందువైపు మందులు. వెనక వంకర అక్షరాలు: "ఒరే, తగరంలో వెండి కలిసిన టంకమే కొను. సీసం వద్దు, కాడ్మియం వద్దు. దానికి వాడే ఫ్లక్స్‌లో ఆమ్లం ఉంటుంది. అతికాక సోడా నీళ్ళతో బాగా కడుగు, లేకపోతే అతుకును తినేస్తుంది. పట్టీలు ఊడింది టంకం వల్ల కాదు. నేను సరిగా కడగలేదు."