ఆకు రాల్చిన మిరప

అల్లూరు ఇసుకనేలలో రంగనాయకులు మిరపనారు నాటించే వేళ చూడాలి. నోట్లో చుట్ట, చేతిలో నారుకట్ట. చుట్ట పట్టిన వేళ్ళతోనే ప్రతి మొక్క కొసా తుంచుతాడు. అలా తుంచితే గుబురుగా కొమ్మలు వేస్తుందని తాత నేర్పిన పద్ధతి. నాటిన నాలుగు రోజులకు ఆకు మీద గోధుమరంగు మచ్చ కనబడిందా, ఆ మొక్క గట్టు అవతల పడ్డట్టే.

ఇంత శ్రద్ధ చేసినా చేనంతా పచ్చా పసుపూ కలిసిన ఆకులే. మొక్కలు గిడసబారి నాలుగు కాయలకే అలసిపోయేవి. దానికి కారణం తనకు తెలుసుననుకున్నాడు రంగనాయకులు. తెగులు మొదలైన ఏడాదే అక్క ఆదిశేషమ్మ భర్తను పోగొట్టుకుని పుట్టింటికి వచ్చింది. "నీ అడుగు చేనుకు పళ్ళేదక్కా, ఇంటిపట్టునే ఉండు" అన్నాడు. పదేళ్ళ పిల్లప్పటినుంచి ఆ చేలో కలుపు తీసిన మనిషి, ఆ మాటకు కుమిలిపోయిందే గాని ఎదురు చెప్పలేదు. ఆమె కాలుపెట్టని మరుసటేడూ తెగులు వచ్చింది. "దూరం నుంచి చూసుంటాది" అన్నాడు. ఆడలేక మద్దెల ఓడన్నవాణ్ణి చూసి నవ్వుతాం. తోబుట్టువునే మద్దెల చేస్తే ఏమనాలి?

ఆ ఏడాది కాపు వేళకు, రైతులకు సాగు సలహాలు చెప్పే గ్రామసేవక్ చాంద్ బాషా వచ్చాడు. చేను చూసి ఉసూరుమని, మంచినీళ్ళకు రంగనాయకులు వెంట అతని ఇంటికి వెళ్ళాడు. పెరట్లో అంట్లు తోమే రాయి పక్కన ఇరవై మిరపమొక్కలు, విరగకాసి ఉన్నాయి.

"ఇవి ఎవరు వేసినారక్కా?"

"నేనే నాయనా. మచ్చలున్నాయని వీడు పారేసినవి. పాపం అనిపించి తెచ్చి నాటినా. మచ్చపడిన ఆకులు వాటంతటవే రాలినాయి, కొత్తవి వచ్చినాయి."

బాషా నవ్వాడు. "రంగనాయకులన్నా, గట్టిమొక్కల్ని ఏరి పారేసినావు. ఈ తెగులు తెచ్చేది వైరస్, కంటికి కనబడదు. అది దూరిన చోట ఆ పిసరంత ఆకును ఈ మొక్కలే చంపుకుంటాయి, ఆకునే రాల్చేస్తాయి, లోపలికి పాకకుండా. ఆ మచ్చ వాటి పోరాటం. నువ్వు ముచ్చటపడి నాటినవి దాన్ని ఆపలేక ఒళ్ళంతా తిరగనిచ్చినాయి."

"అది మా చేనుకు యాడినుంచి వచ్చింది?"

"ఎండిన పొగాకులోనూ అది చావదన్నా. చుట్టనుంచి నీ వేళ్ళకు, వేళ్ళనుంచి తుంచిన కొసకు."

"వీడు చుట్ట పట్టింది బావ పోయిన దిగులుతోనే, ఆ ఏడే" అంది ఆదిశేషమ్మ మెల్లగా.

రంగనాయకులు పసుపుబారిన తన వేళ్ళకేసి చూసుకున్నాడు. సిగ్గుతో తల ఎత్తలేకపోయాడు.

మళ్ళీ నాట్ల వేళకు ఆ పెరటి విత్తనమే నారుగా పెరిగింది. రంగనాయకులు చుట్ట ఇంట్లో పెట్టి, మోచేతుల దాకా సబ్బుతో కడుక్కుని, నారుకట్ట అక్క చేతిలో పెట్టాడు.

"ముందు నువ్వు దిగక్కా."

"నా అడుగు పడదంటివి గదరా?" అంది ఆమె, పమిట బిగించి నవ్వుతూ.

కూలీలందరూ వినేటట్టు అన్నాడు రంగనాయకులు: "సబ్బుతో పొయ్యే తెగులుకి తోడబుట్టినదాన్ని వెలివేసినాను. మీ ఇళ్ళల్లో ఎవరి అడుగునైనా తప్పుపట్టే ముందు, మీ చేతులు ఒకసారి చూసుకోండి."