వలెను, వచ్చు

“తను ఖాళీగానే ఉంటుందన్నయ్యా, ఆస్పత్రి బిల్డింగుది కూడా తనకే ఇచ్చేద్దాం,” అన్నాడు భర్త ఫోనులో.

అప్పుడామె కుడిచేత్తో పాపకి తినిపిస్తూ, ఎడమచేతి వేళ్ళతో ఒక గోదాము తలుపుల విభాగం టైపు చేస్తూ, ఒక చెవి పొయ్యి మీది పాల మీదా, రెండో చెవి మెట్ల దగ్గర చెక్క గేటు గడియ మీదా వేసి ఉంచింది. ఖాళీ అంటే ఏమిటో ఆమెకి ఎప్పుడూ అర్థం కాలేదు. చేతులూ చెవులూ పోగా మిగిలిన మెడా వీపూ ఖాళీగా ఉన్నాయని కాబోలు.

ఇంటి ముందుగది ఆఫీసు. భర్తా, బావగారూ అందులో కూర్చుని భవనాలకి స్పెసిఫికేషన్లు రాస్తారు. గోడ ఎక్కడ రావాలో డ్రాయింగు చెబుతుంది. ఆ గోడకి ఎలాంటి ఇటుక వాడాలి, ఎంతసేపు నానబెట్టాలి, ఎన్నాళ్ళు తడపాలి అన్నది స్పెసిఫికేషను చెబుతుంది. రాస్తారంటే, బావగారు ఫోన్లు మాట్లాడతారు, భర్త సైట్లకి వెళ్ళొస్తాడు, సాయంత్రం ఇద్దరూ వచ్చి నాలుగు ముక్కలు చెబుతారు. మిగతాదంతా ఆమె రాస్తుంది. వెనకటి టైపిస్టు మానేసినప్పుడు, “ఇంకో మనిషి దొరికేదాకా కాస్త చూసుకో,” అన్నారు. అప్పటికి పాప కడుపులో కూడా పడలేదు. ఇప్పుడు పాప మెట్లెక్కుతోంది. ఇంకో మనిషిని ఎవరూ వెతకలేదు. దొరికిపోయిన మనిషిని మళ్ళీ వెతకడం దేనికి?

ఒకటి మాత్రం ఒప్పుకోవాలి. ఆ పని ఆమెకి ఇష్టం. మట్టి పని, పునాదులు, కాంక్రీటు, ఇటుక పని, తలుపులు, కిటికీలు, రంగులు, ఇలా కుప్పగా వచ్చినదాన్ని విడదీసి దేని గదిలో దాన్ని సర్దడం ఇష్టం. ఒక మాట ఒక్కచోటే చెప్పాలి. తలుపు బందుల సంగతి తలుపుల విభాగంలో చెప్పాక, మళ్ళీ వడ్రంగి పనిలో చెప్పకూడదు. రెండుచోట్ల చెబితే రెండూ ఒకలా ఉండవు, కాంట్రాక్టరు తనకి చవకైనది పట్టుకుంటాడు. ఇంట్లో అలా కాదు. పాపకి పాలు వేడిగా పట్టమని అత్తగారు, చల్లార్చి పట్టమని తోడికోడలు, అసలు పాలే మానిపించమని బావగారు. ముగ్గురి మాటలూ ఒకదానికొకటి అడ్డం పడితే, ఎవరి మాట చెల్లుతుందో రాసిన విభాగం ఏదీ ఆ ఇంట్లో లేదు. పాపకి కడుపునొప్పి వచ్చినప్పుడు మాత్రం ముగ్గురూ ఒకే మాట మీద ఉంటారు. “తల్లికి ధ్యాస ఉండాలి కదమ్మా.”

మొదట్లో భర్తే పని నేర్పాడు. అప్పట్లో ఓపిగ్గానే నేర్పాడు. “రెండే మాటలు గుర్తుపెట్టుకో. ‘వలెను’ అన్నావనుకో, కాంట్రాక్టరు చచ్చినట్టు చెయ్యాలి. ‘వచ్చు’ అన్నావనుకో, వాడిష్టం. చేస్తే చేస్తాడు, లేకపోతే చేతులు దులుపుకుంటాడు. కోర్టుకెళ్ళినా మనమేం పీకలేం.”

ఆ రోజు ఆమె నవ్వింది. తర్వాత ఒకసారి బట్టలు ఆరేస్తూ ఆరేస్తూ ఆగిపోయింది. పెళ్ళి మాటల్లో తన తండ్రి భయం భయంగా, “అమ్మాయికి డిప్లొమా ఆఖరి ఏడాది మిగిలిపోతుందండీ,” అన్నప్పుడు అత్తగారు ఏమన్నారు? “దానికేముందండీ, మా ఇంటికొచ్చాక చదువుకోవచ్చు.” కాన్పయ్యాక భర్త ఏమన్నాడు? “పిల్ల కాస్త నడిస్తే కాలేజీకి వెళ్ళొచ్చు.” పుట్టింటికి ఎప్పుడంటే అప్పుడు వెళ్ళొచ్చు. ఒంట్లో బాగాలేనప్పుడు పడుకోవచ్చు. ఎవరూ అబద్ధమాడలేదు. అన్నీ ‘వచ్చు’లే. ఆమెకే అప్పట్లో ఆ భాష తెలియదు.

ఈ మధ్య పాలిటెక్నిక్ వాళ్ళు సాయంత్రం తరగతులు పెట్టారు. మధ్యలో మానేసినవాళ్ళు నేరుగా ఆఖరి ఏడాదిలో చేరొచ్చు. కాకపోతే ఈ రంగంలో పనిచేస్తున్నట్టు ఆఫీసు లెటర్‌హెడ్ మీద కాగితం తేవాలి. శుక్రవారంతో గడువు ఆఖరు. వచ్చే ఏడాది ఈ వెసులుబాటు ఉండదట. ఆమె అడగడానికి మంచి సమయం చూసుకుని చూసుకుని, అన్నదమ్ములిద్దరూ కాఫీ తాగుతున్నప్పుడు అడిగింది.

“సర్టిఫికెట్టా?” అన్నాడు భర్త. “ఏమని ఇమ్మంటావ్? మా ఆవిడ మా ఇంట్లో ఉంటుందని ఇవ్వనా?”

“పని చేస్తున్నాను కదండీ.”

“ఇంట్లోవాళ్ళు చేసేదాన్ని సాయం అంటారు, పని అనరు.”

బావగారు కప్పు కింద పెట్టి పెద్దగా నవ్వారు. “ఇవాళ టైపు చేసినందుకు ఇచ్చావనుకో, రేపు వంట చేసినందుకు కూడా అడుగుతుంది. జాగ్రత్తరోయ్!”

లోపల కూర తరుగుతున్న తోడికోడలు కూడా నవ్వింది. ఆ నవ్వే ఎక్కువ తగిలింది.

ఆ మర్నాడే ఆడపిల్లల హాస్టలు నుంచి ఫోను వచ్చింది. వీళ్ళు రాసిన భవనమే. పై అంతస్తు స్నానాల గదుల్లోంచి నీళ్ళు దిగి, కింది గది సీలింగంతా ఉబ్బి, ఒక రాత్రి పెచ్చు ఊడి మంచం మీద పడింది. పిల్ల ఆ నిమిషానికి బయటికి వెళ్ళింది కాబట్టి సరిపోయింది. టైల్సు కింద నీళ్ళు దిగకుండా పూత వెయ్యలేదేమని అడిగితే కాంట్రాక్టరు దర్జాగా స్పెసిఫికేషను పుస్తకం తీసి చూపించాడట. “పూత రెండుసార్లు వేయవచ్చు.”

తప్పు ఆమెదే. పాపకి జ్వరం కాలిపోతున్న మధ్యాహ్నం అది. ఒళ్ళో పడుకోబెట్టుకుని, పాత షెడ్డు ఒకదానికి రాసిన వాక్యం తెచ్చి అతికించింది. అక్కడ ‘వచ్చు’ సరిపోతుంది. ఇక్కడ ‘వలెను’ కావాలి. భర్త ఒకసారి చదవాల్సింది, చదవకుండానే సంతకం పెట్టాడు, అది వేరే సంగతి. తను రాసిన ఒక్క మాట ఒక పిల్ల మంచం మీద పెచ్చుగా పడింది. ఫోను సంగతి విన్నప్పటినుంచీ ఆమె కళ్ళు మూసుకుంటే చాలు, ఆ మంచం మీద పాపే కనిపిస్తోంది.

హాస్టలు ఇంజనీరు ఇంకో మనిషిని వెంటబెట్టుకుని వచ్చాడు. ఆమె ట్రేలో కాఫీలు తీసుకుని ముందుగదిలోకి వెళ్ళింది. పాప కాళ్ళకి చుట్టుకుని వెనకే వచ్చింది.

“ఇదిగోనండీ, రాసింది ఈవిడే,” అన్నాడు భర్త, పోయిన గొడుగు మూలన దొరికినట్టు.

ఇంజనీరు ఆమెని కింద నుంచి పైదాకా చూశాడు. “ఎంతవరకు చదువుకున్నావమ్మా?”

“డిప్లొమా అండీ. మధ్యలో ఆగిపోయింది.”

“అదీ సంగతి,” అన్నాడాయన, పక్కనున్న మనిషితో.

“ఏం చేస్తాం చెప్పండి, ఉన్నవాళ్ళతోనే నెట్టుకురావాలి,” అని భర్త నవ్వాడు. బావగారు కూడా నవ్వారు. ఆమె ట్రే పట్టుకునే నిలబడింది. ఎవరూ కప్పు తీసుకోలేదు, ట్రే దించమనీ అనలేదు. ఇన్నాళ్ళుగా ఎన్ని భవనాలు! ఒక్కదాని గోడా బీటివ్వలేదు, ఒక్క తలుపూ బిగుసుకోలేదు. వాటన్నిటికీ ‘మా ఆఫీసు’ అన్నారు. ఒక్కటి కారేసరికి ‘ఈవిడే’ అయింది.

“ఎవరు రాశారు, ఎలా జరిగిందన్నది మాకు కాగితం మీద ఇవ్వండి,” అని చెప్పి వాళ్ళు వెళ్ళిపోయారు.

“ఆడమనిషి, అందులోనూ పిల్లతల్లి. తన మీద తోసేస్తే జాలిపడి వదిలేస్తారు,” అన్నారు బావగారు ఆమె ఎదురుగానే. భర్త కుర్చీ వెనక్కి వాల్చి ఆమె వైపు తిరిగాడు. “విన్నావుగా. ఆ లెటరు కూడా నువ్వే రాసెయ్. నేను సంతకం పెడతా.”

ఆమె కూర్చుని రాసింది. ఎవరి మీదా నెపం లేకుండా, ఒక వాక్యానికి ఒక సంగతి చొప్పున, స్పెసిఫికేషను రాసినట్టే రాసింది. భర్త వెనక నిలబడి తెర మీద చదివాడు.

“ఆ ‘పిల్లకి జ్వరం’ తీసెయ్. సాకులా ఉంది.”

తీసేసింది.

“‘అప్పుడప్పుడు రాస్తుంటారు’ ఏంటి? అయితే మిగతావి ఎవరు రాశారని అడగరూ? ‘మొదటినుంచీ’ అని పెట్టు.”

ఆమె వేళ్ళు ఒక్క క్షణం ఆగాయి. తర్వాత ‘మొదటినుంచీ’ అని పెట్టాయి.

“‘నా పర్యవేక్షణలో’... భలేదానివే! నన్నెందుకు ఇరికిస్తావ్? కొట్టెయ్. ‘స్వతంత్రంగా’ అను.”

“ఏవండీ, ‘స్వతంత్రంగా’ అనే రాయమంటారా?”

“ఎన్నిసార్లు చెప్పాలి? రాయవే.”

రాసింది. ‘ఈ కార్యాలయంలో నిర్మాణ స్పెసిఫికేషన్లను మొదటినుంచీ స్వతంత్రంగా రాసి, విభాగాలుగా అమర్చుతున్నది నా భార్యయే. హాస్టలు భవనంలో జరిగిన పొరపాటుకు పూర్తి బాధ్యత ఆమెదే.’ భర్త ఇంకోసారి చదివి, “ఇప్పుడు నీ నెత్తిన గట్టిగా కూర్చుంది,” అని తృప్తిగా భుజం తట్టాడు. పెళ్ళయ్యాక ఆమె రాసిన దాన్ని అతను పూర్తిగా చదవడం అదే మొదటిసారి.

లెటర్‌హెడ్ మీద రెండు ప్రతులు తీసింది.

“రెండోది దేనికి?”

“ఆఫీసు కాపీ అండీ.”

రెండిటి మీదా సంతకం పెట్టి, స్టాంపు కొట్టి ఇచ్చాడు.

శుక్రవారం పొద్దున పాపని చంకనేసుకుని పాలిటెక్నిక్‌కి వెళ్ళింది. దారంతా ఒకటే బెంగ. పొయ్యి కట్టేసిందా, పాప దగ్గు నెమ్ము వల్లేనా, ఇది చూసి నలుగురిలో నవ్వుతారా, తప్పు చేసినదానికి ఇంకో పిల్ల ఉండే గది రాసే అర్హత ఉందా? వెనక్కి వెళ్ళిపోదామని గేటు దగ్గర రెండుసార్లు తిరిగింది. లోపల ఆఫీసు కిటికీ వెనక కూర్చున్న పెద్దావిడ కళ్ళద్దాలు సవరించుకుని కాగితం చదివింది. పైకి చూసింది. మళ్ళీ చదివింది.

“ఇదేంటమ్మా, నీ మీద ఫిర్యాదులా ఉంది!”

“అవునండీ.”

“నేనడిగింది పనిచేస్తున్నట్టు సర్టిఫికెట్. ఇంతకన్నా మంచిది లేదా?”

“మా ఇంట్లో నా గురించి రాసింది ఇదొక్కటేనండీ.”

పెద్దావిడ ‘మొదటినుంచీ స్వతంత్రంగా’ అన్న మాటల కింద వేలు పెట్టి లోపలి గదిలోకి వెళ్ళి, ఎవరికో చూపించి వచ్చింది. “పొరపాటు చేసినవాళ్ళని చేర్చుకోకూడదని మా దగ్గర ఎక్కడా లేదులే,” అంటూ ముద్ర వేసింది. “సోమవారం సాయంత్రం నుంచి క్లాసులు. మరి పిల్లనెవరు చూస్తారు?”

“వాళ్ళ నాన్న చూడవలెను,” అంది ఆమె.

పెద్దావిడ ఫక్కున నవ్వింది. ఆమె నవ్వలేదు. ఇంటికొచ్చేదాకా ఆ మాటనే నోట్లో నానబెట్టుకుంటూ వచ్చింది. చెప్పాలి. అరుస్తారు. అత్తగారు ఏడుస్తారు. అయినా ఆదివారం అందరూ కూర్చున్నప్పుడు చెప్పాలి, ఒక్కసారే, ఒక్కచోటే.

భర్త ముందుగదిలో ఆస్పత్రి డ్రాయింగులు పరుచుకుని కూర్చున్నాడు. తల ఎత్తకుండానే అడిగాడు.

“ఎక్కడికెళ్ళావ్? ఇదిగో, సోమవారం సాయంత్రానికి ఇదంతా విభాగాలు చేసి ఇచ్చెయ్యాలి. ఇస్తావుగా?”

ఆమె పాపని దించి, మెట్ల దగ్గర గేటు గడియ వేసింది.

“ఇవ్వొచ్చు,” అంది.